కారే చోటు

రాత్రి దాని కింద పరిచిన పాత పేపరు
పొద్దున్నే చదువుతాను.
ఎడం పక్క చిక్కటి నల్ల మరక, క్లచ్ కేసు.
ముందు చక్రం దగ్గర పల్చగా, చేప కంపుతో, ఫోర్కు ఆయిలు.
మరకేమీ లేకుండా కాగితం ముడతలు పడి ఉంటే
అది పెట్రోలు,
వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు.

డెబ్బయ్యేడు మోడల్ బుల్లెట్.
నెల్లిమర్ల నుంచి ట్రాలీ ఆటోలో విజయనగరం తెచ్చాడు
లెంక పోలినాయుడు.
సంతకి తెచ్చిన ఎద్దు మెడ మీద చెయ్యేసినట్టు
ట్యాంకు మీద చెయ్యేసి, దారంతా నిలబడే.
"ఇంజిను బాగానే ఉంది బావూ,
కారడవొక్కటే ఆపు.
మా ఇంటిది అరుగెక్కనివ్వడం నేదు."

తడిసిన చోటల్లా కారే చోటు కాదు.
గౌసు మేస్త్రి తిట్లతో కలిపి నేర్పిన సంగతిది.
చుక్క పుట్టేది పైన.
ఫిన్నుల సందుల్లో దూరి, స్టడ్డు వెంబడి జారి,
గాలి తోసిన వైపు నడిచి
ఎక్కడో కింద
తనకే సంబంధమూ లేని బోల్టు తల మీద కూర్చుంటుంది.
అక్కడ స్పానరు పెట్టి బిగించావో
కారడం ఆగదు, మర తెగుతుంది.

అందుకే ముందు కిరోసిన్‌తో కడిగాను.
పళ్ల బ్రష్షుతో ఒక పూటంతా
పేరుకున్న దుమ్మునీ, నారపీచునీ.
ఆరాక, పసిపిల్లలకి రాసే పౌడరు చల్లాను.
గంటస్తంభం దాకా వెళ్లొచ్చాను.
ట్రాఫిక్కు కానిస్టేబులు చెయ్యి దించి మరీ నవ్వాడు.
తిరిగొచ్చేసరికి
తెల్లదనం మీద సన్నటి నల్ల గీత,
రాకరు కవరు మూల నుంచి.

గాస్కెట్ ఊళ్లో ఎక్కడా దొరకలేదు.
అట్ట తెచ్చి కవరు మీద పరిచి
గుండు సుత్తితో అంచు వెంబడి టకటకా,
తమలపాకు మీద కొట్టినంత మెల్లగా.
ఇనుము తన కొలత తనే కత్తిరించుకుంది.
ఫోర్కు సీళ్లు ఎండిన చింతకాయ తొక్కుల్లా
చేతిలోనే విరిగాయి.

ఆఖర్న డ్రెయిను ప్లగ్గు.
మర ఎప్పుడో చచ్చింది. వాషరు లేదు.
విప్పితే, మరల మధ్య
సఫేదా పూసి చుట్టిన గోగునార.
"నానే ఎట్టినాను," అన్నాడు,
"మిల్లు లాకౌటైన ఏడు.
మెకానిక్కుకి ఇయ్యడానికి డబ్బుల్నేవు."

బేచింగులో చేశాడట ఇరవయ్యారేళ్లు.
నార మెత్తబడాలని నూనే నీళ్లూ చిమ్మే చోట.
పెళ్లికెళ్తే పక్కన కూచున్నవాళ్లు
వాసనకి కాస్త జరిగేవారట.
అక్కడ రోజంతా నూనె తాగే నార
ఇక్కడ నూనెకి అడ్డంపడి
ఇన్నేళ్లు ఉంది.
బల్బు దగ్గర పట్టి విడదీశాను.
బయట మసి. లోపలి పోగు ఇంకా
ఏట్లో నానేసి ఒలిచిన రోజు రంగే.
బండంతా కారింది గానీ
ఆ ఒక్క చోటా కారలేదు.

ట్యాపుతో కొత్త మర తీశాను. రాగి వాషరు వేశాను.
నా పని నేను చెయ్యాలి కదా.
పోగు పారేయబోతే చెయ్యి చాపాడు.
బీడీకట్ట పక్కన, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మూడు రాత్రులు కొత్త పేపరు పరిచాను.
మూడు పొద్దులూ అచ్చక్షరాలే.
నాలుగోనాడు ఆయనొచ్చి, వంగి చూసి
"ఏటిది బావూ, ఇలాగెండిపోనాది" అన్నాడు.
సంతోషమో మరోటో.
సైరను మోగని పొద్దుల్లో
మెలకువ వచ్చి, చెవులు రిక్కించి
అలాగే పడుకునేవాడట, చాన్నాళ్లు.

రెండొందలు తక్కువిచ్చాడు.
ఒక్క కిక్కుకే అందుకుంది.
రైల్వే గేటు దాకా ఆ చప్పుడు విన్నాను.

నేల కడుగుదామని వంగితే
స్టాండు వేసిన చోట ఒక చుక్క.
వేలితో తాకి వాసన చూశాను.
నా సీసాలోంచి ఒలికిందేనని
ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.