నాలుగు కాజాలు

ఫ్యాక్టరీలో నా పని చిల్లులు పెట్టడం.
గంటకి నూట ఇరవై చొక్కాలు, చొక్కాకి ఏడు కాజాలు.
కాలరు ఇంకొకరిది, చేతులు వేరొకరివి,
జేబులు ఎవరు వేస్తారో నేనెన్నడూ చూళ్ళేదు.
పదహారేళ్ళలో ఒక్క బట్టనైనా
ఈ కొసనుంచి ఆ కొసదాకా నేను కుట్టింది లేదు.

నఫ్తాలికి పదమూడు నిండబోతున్నాయి.
తలీత్ కావాలి.
కొందామంటే సముద్రం దాటి రావాలి,
శనివారాల కోత పోను నా రెండు నెలల జీతం.
నేనే కుడతానన్నాను.
అన్నాక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

బొమ్మనహళ్ళి గేటు దగ్గర గార్డు పిల్ల
రోజూ నా నడుం తడిమి, డబ్బా మూత తీసి చూస్తుంది.
అయినా ఒక్క తెల్లదారం కండె బొడ్లో దోపుకుంటే
ఎవరికి తెలుస్తుంది?
దొంగదారం కప్పుకుని దేవుడి ముందు నిలబడలేం
అనేవాడు మా నాన్న,
పొగాకు బేళ్ళు మోసి మోసి వంగిన వీపుతో.

చిక్‌పేటకెళ్ళాను.
రెండు మీటర్ల నూలు.
ఉన్నిగానీ నారగానీ కలవలేదుగా అని
మూడుసార్లు అడిగాను.
కొట్టతను నన్నోమాదిరి చూసి
"అమ్మా, ఇది బట్ట, సాంబారు కాదు" అన్నాడు.

నిద్రపోతున్నవాడి మీద పరిచి కొలత చూశాను.
జానెడు ఎక్కువే ఉంచాను.
పోయినేడు కొన్న ప్యాంట్లు మొన్నటికి పొట్టివైపోయాయి,
ఇది కాకూడదు.
దీన్ని ఏనాటిదాకా కప్పుకుంటాడో,
ఆఖర్న ఏ కుచ్చు కత్తిరిస్తారో నాకు తెలుసు.
తల్లిని. నోటితో అనను.

ఊళ్ళోంచి అన్నయ్య ఫోను.
గురువారం రైలుకి ఏడుగురు మగాళ్ళం వస్తున్నాం,
అక్కడ ఇద్దరున్నారు కదా,
పదోవాడు కుదిరాడా?
"కుడుతున్నా" అన్నాను.

అంచులన్నీ మిషను మీదే. కాజాలు మాత్రం చేత్తో.
మూలకి మూడువేళ్ళ ఇవతల నాలుగు చిల్లులు.
ఫ్యాక్టరీలో ఒక్కోటీ తొమ్మిది సెకన్లు,
ఇక్కడ ఒక్కోటీ ఒక రాత్రి.
ఇన్నేళ్ళూ నేను తెరిచిన కంతల్లో గుండీలు దూరాయి,
ఎవరి రొమ్ముల మీదో, ఏ దేశంలోనో.

కుచ్చులు వాడే కట్టుకోవాలి.
పక్కింటి చౌడమ్మ ధర్మవరం చీరలకి కుచ్చులు కడుతుంది,
చీరకి రెండొందలు, పూసలేస్తే మూడొందల యాభై.
"ఇటివ్వు, అరగంట పని" అంది.
కూడదన్నాను.
ఎందుకు కూడదో చెప్పేంత కన్నడం నాకు రాదు,
ఆమాటకొస్తే తెలుగూ చాలదు.
మొహం మాడ్చుకుంది. అయినా సాయంత్రం తనే వచ్చి
గడపలో కూచుంది, ఆకూ వక్కా ఒళ్ళో పెట్టుకుని.

వాడు బట్టమూల కాలిబొటనవేలికి బిగించుకుని
ఎనిమిది పోగులూ సర్దుకున్నాడు.
ఏడు చుట్లు, ముడి. ఎనిమిది, ముడి.
పదకొండు. పదమూడు.
మధ్యమధ్య ఫోనులో పాఠం, వెంట వాడూ,
సగంమాట పిల్లాడి గొంతులో ఎక్కి
మిగతా సగం ఏ గొంతులోనో దొర్లిపడుతూ.
"బిగి, బిగి" అంటుంది చౌడమ్మ.
మా ఇద్దరి భాషల్లోనూ అది ఒకటే మాట.

నాలుగో మూల ముగించేటప్పుడు ఆగాడు.
"పన్నెండా, పదమూడా?"
నాకేం తెలుసు, నేను వాడి వేళ్ళు చూస్తున్నాను,
ఎప్పుడింత పొడుగయ్యాయా అని.
చౌడమ్మ దవడకి ఆకు తోసి
"హన్నెరడు" అంది.
ఒక్కటే తక్కువ, ఎవరు లెక్కపెడతారు అనబోయాను.
వాడు అప్పటికే విప్పుతున్నాడు,
పదమూడూ కాదు, పదకొండూ కాదు,
మొదటి ముడిదాకా.

వీధిలో నీళ్ళ ట్యాంకరు హారన్.
బిందెలు తీసుకుని పరిగెత్తాను.
వరసలో ఒకామెతో గొడవ, రెండో బిందె సగమే నిండింది.
మెట్లెక్కి వస్తుంటే
లోపల ఎవరో మగమనిషి నెమ్మదిగా లెక్కపెడుతున్నాడు.
బిందె దించకుండానే
ఎవరొచ్చారని చౌడమ్మనడిగాను.