సవరణ

భీమవరంలో మా ఆఫీసు కింద
ఏరియేటర్ల రిపేరు షాపు.
పొద్దున్నించీ మోటార్లు తిప్పి చూస్తుంటారు,
నీళ్లు లేకుండానే చెరువు చప్పుడు.
ఆ చప్పుడు మీద కూర్చుని నేను
పిల్లల గురించి వాక్యాలు రాస్తాను.

మా నాన్నకి ఇప్పటికీ అంతు చిక్కలేదు.
"పంతులమ్మవా, కాదు. విలేకరివా, కాదు.
మరి జీతం దేనికిస్తారే?"
ఒక పిల్ల సంగతి ఊరందరికీ తెలిసేలా,
ఆ పిల్ల ఎవరో మాత్రం తెలియకుండా
రాసినందుకు, నాన్నా.

మొగల్తూరు అవతల రేకుల షెడ్డు.
ఐసు నీళ్లలో నాని
నానబెట్టిన బఠానీ తొక్కలా ముడతపడ్డ వేలికొసలు.
తల తుంచి, తొక్క వలిచి, నరం లాగి
మూడు కదలికలు, ఒక్క రెప్పపాటు.
ఫోటోలో ఆ వేళ్లే తీశాం.
మొహం చూపించకూడదన్నది మా నియమం.
మంచి నియమమే,
దాని మీద శిక్షణ ఇచ్చేది నేనే.

రాసింది హైదరాబాదు వెళ్లి తిరిగొచ్చింది,
అంచున ఎర్రక్షరాలతో:
ఇంకాస్త మనసుని తాకాలి.
ఒక వాన చేర్చాను.
ఆ రోజు వాన లేదు.

తర్వాత వకీలు చూశాడు.
కంపెనీ పేరు కొట్టేసి, ఒక ఎగుమతి సంస్థ అన్నాడు.
మేస్త్రి పేరు కొట్టేసి, కొందరు మధ్యవర్తులు అన్నాడు.
ఊరు పోయి డెల్టా ప్రాంతమయింది.
గోదారిని మాత్రం ఉండనిచ్చాడు,
నది పరువు నష్టం దావా వెయ్యదు కదా.

జిల్లా పేజీలో వచ్చింది.
పక్కన రొయ్య మేత ప్రకటన,
కింద ఎవరిదో పెద్దకర్మ పిలుపు.
మధ్యలో, రమ్య, పన్నెండేళ్లు, పేరు మార్చాం.

ఆ ముక్క కత్తిరించి పట్టుకుని
నరసాపురం హాస్టలుకి వెళ్లాను.
షెడ్డు మానేసి అప్పటికి ఐదు నెలలు.
వేళ్లు పొడిబారి, గోటి పక్కన సిరా మరక.
ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి
కూడబలుక్కుంటూ చదివింది.
నేను రాసింది నేనెప్పుడూ
అంత నెమ్మదిగా చదవలేదు.

"రమ్య ఎవరండి?"
నువ్వేనమ్మా. నీ పేరు బయటికి రాకూడదని.
"రమ్యంటే మా మేస్త్రిగారి అమ్మాయండి.
వ్యానులో కాన్వెంటుకెళ్తాది."

కాయితం మళ్లీ మొదటినించీ వెతికింది.
"మరి ఆయన పేరేదండి? ఆయనదీ మార్చేరా?
నేనేం తప్పు చేసేనని దాచేరు?"

నా సంచీలో నియమావళి ఉంది, ముప్పై ఆరు పేజీలు.
తీయలేదు.
నీ మంచికే, అన్నాను.
వాళ్లమ్మతో మేస్త్రి అన్న మాటా అదేనని
నా నోటుబుక్కులో, నా చేతిరాతతోనే ఉంది.

ఆ పిల్ల ఇంకా వదల్లేదు.
"వానెక్కడ పడిందండి ఆవేళ? ఎండ.
ఐసు కరిగిపోతందని తిట్లు మాకు.
ఇంకోటండి,
రోజుకి పన్నెండు ట్రేలని రాసేరు.
పదహారు.
షెడ్డు మొత్తానికి నాదే ఫస్టు చెయ్యి."
అని నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.

ఆ గర్వాన్ని ఎక్కడ రాసుకోవాలో తెలియలేదు.
మా ఫారంలో గడులున్నాయి,
నష్టానికి ఒకటి, అవసరానికి ఒకటి,
భవిష్యత్తు మీద ఆశకి రెండు లైన్లు.
దీనికి లేదు.
మార్జిన్లో రాసుకున్నాను.

తిరుగు బస్సులో చీకటి పడింది.
రెండు పక్కలా చెరువులు,
గట్ల మీద బల్బులు, నురగలు కక్కే రెక్కలు.
పత్రికవాళ్లకి ఫోన్లోనే టైపు చేశాను, సవరణ అని.
సవరణలకి చోటుండదంటారని తెలుసు.
వకీలుకి చూపించాలని కూడా తెలుసు.

వాన లేదు, ఎండ.
పన్నెండు కాదు, పదహారు.
రమ్య కాదు.

పేరు దగ్గర ఖాళీ వదిలాను.
ఏ పేరైతే బాగుంటుందో
ఆలోచించుకుని ఆదివారం చెబుతానంది.