రుమాలు మడత

ఈస్టరు ముందు రోజు
జ్ఞానాపురం సమాధులన్నీ సున్నం వాసనేస్తాయి.
పిల్లలు బకెట్లు మోస్తారు,
ఆడవాళ్లు చెక్కిన అక్షరాల్లో నల్లరంగు నింపుతారు.
నాకు సున్నం వేయడానికి ఏమీ లేదు.
నా పెనిమిటి ఇస్సాకు సమాధి
డాల్ఫిన్స్ నోస్ దాటాక ఎంత దూరమో, ఎంత లోతో
గస్తీ బోటు వాళ్లు కూడా చెప్పలేకపోయారు.

ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో
శరీరం లేస్తుందన్న మాట దగ్గర
ఆరేళ్లుగా నా గొంతు అడ్డం తిరుగుతుంది.
ఉత్తి పెదాలు కదుపుతాను.
పక్కనున్న దీనమ్మత్తకి తెలుసు.
ఆ ఒక్క ముక్కా నా బదులు కూడా
కాస్త గట్టిగా చెబుతుంది.

ఏ శరీరం, ప్రభువా?
చేపలు తిన్నదా?
ఆ చేపల్ని మళ్లీ మేమే తిన్నామేమో.
అయ్యగారిని అడిగితే
సముద్రం కూడా బాకీ అప్పగించే రోజొస్తుందమ్మా అన్నారు.
బాకీల సంగతి నాకు తెలుసు.
తీరుస్తానన్నవాడి మొహం చూసి పోల్చుకోగలను.
సముద్రం మొహం ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను.

ఒకటి మాత్రం పట్టుబడింది.
చావుని గెలిచి లేచినవాడు
బయటికొచ్చే ముందు
తలకు చుట్టిన రుమాలు మడిచి
విడిగా పెట్టాడంట.
భూమి అదిరింది, రాయి దొర్లింది,
అయినా మడత పెట్టాడు,
తొందరేం లేదన్నట్టు,
ఇంట్లోవాళ్లెవరో వచ్చి తీసుకుంటారన్నట్టు.

అది విన్నాకే
ఇస్సాకు గళ్ల తువ్వాలు దండెం మీంచి తీశాను.
మూడేళ్లు అక్కడే ఉంది.
ఉప్పు వాసన పోతుందని ఏడ్చి, ఉతికాను.
మడిచి ట్రంకుపెట్టెలో పైన పెట్టాను,
అడుగున కాదు.
అడుగున పెట్టేవి చచ్చినవాళ్లవి.

పండగ ఆరాధన నాలుగింటికి, బీచిలో, చీకట్లోనే.
ఆమెన్ అనగానే ఆటో ఎక్కి హార్బరుకొచ్చాను.
వేట నిషేధానికి ఇంకా వారమే ఉంది,
బోట్లు పండగని ఆగవు.
తెల్లచీర కుచ్చెళ్లు ఎగదోపి
బొగ్గులు రాజేశాను,
కానాగంతలకి ఉప్పూ కారం పట్టించాను.

లేచినవాడు కూడా ఇలాగే
ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చాడని
సండేస్కూలు పిల్లలకి చెబితే
దేవుడు వంట సేత్తాడేటి టీచరూ అని నవ్వారు.
సేత్తాడర్రా. ఆకలితో ఒడ్డుకొచ్చినోళ్లకి సేత్తాడు.
అదీ ఎవరికి?
నువ్వెవరో తెలీదన్నవాడికి.
ఒగ్గేసి పారిపోయినవాళ్లకి.

ఆ పాఠం చెప్పిన రోజు
ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

ఆ రాత్రి పడవలో ఇద్దరే ఉన్నారు.
నూకరాజు తిరిగొచ్చాడు.
నువ్వెలా వచ్చావురా అని అడిగితే
నా కాళ్లవైపు చూశాడు, నోరు విప్పలేదు.
సున్నం వేయడానికి ఏమీ లేదన్నాను కదా,
అబద్ధం.
బతికున్నవాణ్ణి పాతిపెట్టి
ఏటేటా సున్నం వేస్తూనే ఉన్నాను.

ఇవాళా వాడు జెట్టీ మెట్ల మీద
అందరికన్నా వెనక నించున్నాడు,
నా బడ్డీ తప్పించి టీకొట్టుకి పోదామని.
గొంతు అడ్డం తిరిగింది,
సరిగ్గా అదే చోట.
నా బదులు చెప్పడానికి దీనమ్మత్త లేదు.

"నూకా, ఇటురా. తిను."

వచ్చాడు. నించునే తిన్నాడు.
ముల్లు ఏరుతూ ఏడ్చాడో, కారమో.
అడ్డాకు నాలుగు మడతలు పెట్టి
పక్కన పెట్టి,
"ఉప్పు సాల్లేదు వదినా" అన్నాడు.
ఆరేళ్లకి మొదటి మాట.
ఉప్పుడబ్బా వాడివైపు తోశాను.
ఇస్సాకు గురించి అడగలేదు.
అడుగుతాను. ఇవాళ కాదు.

వచ్చే ఆదివారం ఆ మాట దగ్గర
నా గొంతు ఏం చేస్తుందో నాకు తెలీదు.
రేపు సోమవారం,
మూడింటికే లేవాలి.
మంచు పడకుండా బొగ్గుల మీద గోనె కప్పి వచ్చాను.