కంటి చేదు

సావ్ జోర్జ్ దీవిలో, చీజ్ గిడ్డంగిలో
ముప్పయ్యొక్క ఏళ్ళుగా నా పని వినడం.
చిన్న సుత్తితో చక్రాన్ని టక్కున కొట్టి
లోపల గుల్ల ఉందో లేదో చెబుతాను.
సన్నటి గొట్టం దింపి, చిటికెడు తీసి
నాలుక మీద పెట్టుకుంటాను.
ఇదాలీనా బావుందంటే బావున్నట్టే.

చూపు పోతున్న చప్పుడు మాత్రం వినపడలేదు.
అంచుల్నించి దొంగలా వచ్చి
ఎడమ పక్క గడపనీ, పొయ్యి మీది గిన్నెనీ
కొంచెం కొంచెంగా పట్టుకుపోయింది.
"గ్లాకోమా. పోయింది తిరిగి రాదు,
మిగిలింది కాపాడుకుందాం" అన్నాడు డాక్టరు.

మొదటి సీసా, ఎడమ కంట్లో రాత్రికొక చుక్క.
ఏడాది తిరిగేసరికి
పాచి రంగు కన్ను కాస్తా కాఫీ మడ్డి రంగైంది.
ఆ ఒక్క కంటికే రెప్పవెంట్రుకలు
పెళ్ళికూతురికి మల్లే పొడుగయ్యాయి.
మనవరాలు బెనెడీతా అటూ ఇటూ చూసి
"ఇటుపక్కావిడ ఎవరు?" అంది.
నవ్వాను. రంగేగా.

రెండో సీసాలో రెండు మందులు కలిసున్నాయి.
పొద్దునా రాత్రీ మంట,
ఆనక గొంతులో ఏదో.
ఆ చలికాలమే మా చక్రాలు చేదెక్కాయి.
ఒకటి, మూడు, పదకొండు.
సుద్దతో అడ్డగీత కొట్టాను.
ఆవులకేం మేపుతున్నారని
పాలు పోసేవాళ్ళ మీద అరిచాను.

గుండెదడకి టెర్సేరా పెద్దాసుపత్రిలో అడిగారు:
"ఇంకేవైనా మందులు వాడుతున్నారా?"
లేదన్నాను. అబద్ధం కాదు.
చర్చి గుమ్మంలో వేళ్ళు ముంచిన నీళ్ళని
తాగిన నీళ్ళ లెక్కలో వేస్తామా?
మాత్ర రాసిచ్చారు.

నాలుగో రోజు గిడ్డంగి మెట్ల మీద
కాళ్ళు దూదిపింజలయ్యాయి.
చల్లటి రాతికి చెవి ఆన్చి పడుకుని విన్నాను.
టక్.

టక్.
ఇంత గుల్ల మోత మోగిన చక్రాన్ని
నేనెన్నడూ బజారుకి పంపలేదు.
నర్సు నిమిషానికి ముప్పయ్యారంది.

మందుల షాపు జెఫెరీనో
సీసానీ మాత్రల అట్టనీ పక్కపక్కన పెట్టాడు.
"ఇద్దరూ ఒకే బండికి బ్రేకు తొక్కుతున్నారు,
ఒకరి సంగతి ఒకరికి తెలీదు.
కంటి మూల చిన్న తూముంటుంది.
అక్కణ్ణించి ముక్కు, గొంతు, నెత్తురు, గుండె.
చుక్కేగా అనుకున్నావు, దానికి దారి తెలుసు."

"గొంతా?" అన్నాను.
"చేదు కూడా అదేనా?"
"అదే."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, గుండె వల్ల కాదు.
పదకొండు చక్రాలు!
నేను రుచి చూసింది పాలని కాదు,
నా కంటినే.

ఇప్పుడు సీసా మారింది.
చుక్క వేసి, కన్ను మూసి,
ముక్కు పక్కన వేలితో నొక్కిపట్టి
రెండు నిమిషాలు లెక్కపెడతాను.
మందులేమిటని పశువుల డాక్టరు అడిగినా
ముందు సీసా పేరే చెబుతాను.

సగం ధరకి కొన్న ఆ చక్రాన్ని
పక్కింటి గ్వాల్తెర్ ఇంకా కోసుకు తింటున్నాడు.
కిటికీలోంచి తల పెట్టి అడిగాడు:
"ఇంత మంచిది జన్మలో తినలేదు, ఇదాలీనా,
దీన్నెందుకు తీసిపారేశావు?"

కన్ను నొక్కిపట్టుకునే ఉన్నాను కదా,
ఇప్పుడు మాట్లాడకూడదని చెయ్యూపాను.