పదకొండో శవం

మిర్చి యార్డులో రాత్రి దిగుమతి అయ్యాక
ఒళ్ళంతా మంట, కళ్ళు చింతనిప్పులు,
కాళ్ళీడ్చుకుంటా గేటు దాటుతున్న మమ్మల్ని చూసి
ఫణీంద్ర అనే కుర్రాడు చేతులు జోడించాడు:
"అన్నా, మీకు మేకప్పు అక్కర్లేదు."

జాంబీ అంటే ఏందో మాకు తెలీదు.
చచ్చి లేచినోడన్నాడు.
రోజుకి నాలుగొందలు, మధ్యాన్నం బిర్యానీ పొట్లం.
చచ్చి లేవడం మాకేం కొత్త?
సరేనన్నాం.

గుర్రాలెక్కి తిరిగే తుపాకీ రాయుళ్ళ కథంట.
ఎడారి కావాలంట.
పేరేచర్ల అవతల కొండని తిని వదిలేసిన క్వారీ,
మే నెల,
ఎడారి వచ్చి నేర్చుకోవాలి.
తాటాకు టోపీలకి పూసిన బూటు పాలిషు
పదకల్లా కరిగి చెవుల్లోకి కారింది.

షెరీఫు వేషం కండక్టరు త్రిపురయ్యది.
రొమ్మున నక్షత్రం, స్టీలు మూత కత్తిరించింది.
తుపాకీ తియ్యమంటే
చెయ్యి దానంతటదే టిక్కెట్ల మిషను కోసం తడిమింది.
శవాలం గుంపుగా మీదికొస్తుంటే
"జరగండమ్మా జరగండి, వెనక ఖాళీ ఉంది" అన్నాడు.
దాన్నట్టాగే ఉంచేశారు.

గుర్రం మస్తాన్‌వలిది. పేరు షెహజాది.
పుట్టి బుద్ధెరిగాక పెళ్ళిళ్ళు తప్ప ఎరగదు.
తుపాకీ మోతకని సీమటపాకాయ పేల్చగానే
ముందుకాళ్ళెత్తి నాట్యం మొదలెట్టింది.
తండ్రిని చంపినోడి మీద పగతో వచ్చిన వీరుడు
పెళ్ళికొడుకులా సిగ్గుపడి మెడ పట్టుకు ఏలాడాడు.
"డప్పు ఆపండి, అది ఆగుద్ది!"
మస్తాన్‌వలి కేక.
డప్పెక్కడిది?
దాని చెవుల్లో ఎవరి పెళ్ళి జరుగుతోందో.

నెత్తురంటే బెల్లం పాకం, కుంకుమ.
ఎర్రదనం చాల్లేదని ఎవడో యార్డు కారం కలిపాడు.
చచ్చినోళ్ళందరం ఒక్కసారే తుమ్మాం.
రంగులు పూసే కోటమ్మ అలవాటు మానుకోలేక
ఒక్కో శవాన్నీ దీవించింది:
"చిరంజీవ! నూరేళ్ళు!"

బుజ్జిబాబు మాత్రం పడిపోనన్నాడు.
"ఈ పూట చస్తే రేపు కూలి ఉండద్దా?"
ఫణీంద్ర కాసేపు ఆలోచించి అన్నాడు:
"ఈ సినిమాలో చచ్చినోడికే పనన్నా."
పదిహేనేళ్ళలో ఏ మేస్త్రీ
మాకింత భరోసా ఇయ్యలేదు.

మొదటి రోజు బండి మీద వచ్చాడు ఆ పిల్లోడు.
మూడో రోజు ఆటోలో.
ఐదో రోజు నడిచొస్తుంటే
దూరం నించి మావోడే అనుకున్నాం,
పన్నెండో వాడు.

ఆరో రోజు పతాక సన్నివేశం.
పది మందిని కాల్చారు.
నేను పదకొండు.
ముప్ఫై అడుగుల నించి చేతులు చాచి వస్తున్నా.
త్రిపురయ్య గురి పెట్టాడు.
అప్పుడే కెమెరా ఓనరు వచ్చి
బాకీ లెక్క చెప్పి
గుడ్డ కప్పేశాడు దాని మొహాన,
నిజంగా పోయిన మనిషికి కప్పినట్టు.

అయినా అతుకులేసి బొమ్మేశాడు,
కోల్డు స్టోరేజీ గోడ మీద.
గోతాలు పరుచుకుని చూశాం.
గుర్రం గంతేసినప్పుడల్లా ఈలలు.
మా కరుణమ్మ మూతి తిప్పింది:
"ఇందులో యాక్షనేముంది?
రోజూ రాత్రి తలుపు తీస్తే ఇదే కదా!"
వాడంతా పగలబడి నవ్వింది.
నేనూ నవ్వా.
ఇంటికెళ్ళే దారిలో అది మాట్లాడలేదు,
నా చెయ్యీ వదల్లేదు.

బొమ్మ నా దగ్గరే ఆగిపోద్ది.
వస్తూనే ఉంటా. ఎవరూ కాల్చరు.
ముందు వరసలో ఎవరి బిడ్డో
"పాపం, ఆకలేస్తందేమో" అంది.

ఇవాళ యార్డులో టిక్కీ భుజానికెత్తుకుంటే
బుజ్జిబాబు వేలు చూపించి "ఢాం!" అన్నాడు.
నేను పళ్ళా.
రెండు రోజుల కూలి బాకీ ఉన్నాడు ఫణీంద్ర.
పాపం, ఎక్కడున్నాడో.
ఆదివారం చూసుకుని,
అట్టాగే, చేతులు చాచి, నెమ్మదిగా
వెళ్ళి అడగాలి.