ముక్క ఇటుకకి కూలి లేదు

పంతొమ్మిదేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను
శక్తి ఈజ్ ఈక్వల్టు హెచ్ న్యూ.
కింద రెండు గీతలు గీసి
"ఇది వస్తుంది" అని
పేజీ తిప్పేసేవాణ్ని.
మొన్న వెనక బెంచీలోంచి కెజియా లేచింది:
"ఎక్కడ్నించి వస్తుందండీ?"

శనివారం జొన్నాడ అవతల, గౌతమి గట్టు దిగువన
వాళ్ల మేనమామ ఇస్సాకు బట్టీ దగ్గర నిలబడ్డాం.
ఊకపొగ. గోనెపట్టాల కింద పచ్చి ఇటుకలు.
గోడకి రూపాయి బిళ్లంత కన్నం.
ఒక కన్ను మూసి చూశాడు:
"ఇంకా దాసాని రంగేనండి. ఓ జామాగితే గుడ్డుసొన.
తెల్లబడిందా, ఇటుక కరిగిపోద్ది."
లోపల కాలేది ఏదైనా
కన్నం చెప్పేది వేడి ఒక్కటే.

నేనూ చూశాను. రెప్ప కమిలింది.
పాత లెక్క ప్రకారం అప్పటికి నాకు కన్నే ఉండకూడదు.
ప్రతి వణుకుకీ వేడిలో సమాన వాటా అన్నారు.
వేగంగా వణికేవేమో అంతులేనన్ని.
అన్నీ చెయ్యి చాపితే
అన్నం వండే పొయ్యి కూడా
ఊదారంగు దాటిన కాంతితో ఊరిని కాల్చెయ్యాలి.
కాల్చదు.
పులుసు మరుగుతుంది, అంతే.

కెజియా వాళ్లమ్మ అచ్చు బోర్లించి ఇటుక దించుతోంది.
వెయ్యికింతని కూలి, నిండు ఇటుకలకే.
"మరి ముక్కలకి?"
"ముక్కలకేముంటాదండీ," నవ్వింది,
"మళ్లీ బురదలో తొక్కడవే."

అక్కడ ఆగిపోయాను.
వణుకు పుచ్చుకునేదీ నిండు ఇటుకలే, కెజియా.
మెల్లగా వణికే ఎరుపుది చిన్న అచ్చు.
వేగం రెట్టింపైతే అచ్చూ రెట్టింపు.
ఊదాది ఎంత పెద్దదంటే
ఈ వేడిలో దాని వంతుకొచ్చే మట్టి
ఒక్క అచ్చుకీ చాలదు.
సగం పోస్తే కుదరదు.
అందుకే ఆ చివర చీకటి.

అచ్చుకీ వేగానికీ మధ్య నిలబడ్డ
ఆ బుల్లి అంకెని ఎవరూ ఎక్కడా తవ్వి తీయలేదు.
లెక్క కలవక అరువు తెచ్చుకున్నారు,
చివర్లో సున్నా చేసి తిరిగిచ్చేద్దామని.
సున్నా చేస్తే మళ్లీ ఊరు కాలింది.
ఉంచేశారు.

"అయితే అది అంతే ఎందుకుందో..."
"తెలీదు" అన్నాను.
క్లాసులో ఎన్నడూ అనని మాట.
ఆ పిల్ల తలూపలేదు, నోట్సు తియ్యలేదు.
కన్నం దగ్గర వంగి చాలాసేపు చూసి
"మావయ్యా, సొన రంగొచ్చింది" అంది.