అరవబాకక్కా

కావలి ట్రంకు రోడ్డులో, రైలు గేటుకి ఈ పక్క,
పన్నెండింటికల్లా నీడ అయిపోయే కొట్టు నాది.
పామంజి నాగూరమ్మ బండి తెచ్చి నిలబెట్టింది.
మూడో చేతికొచ్చిన తెల్లబండి,
డిక్కీలో జువ్వలదిన్నె వాసన,
ముందర నిరుడు నేనే బిగించిన తొమ్మిదంగుళాల తెర.

"పాట బాగుండాదబ్బయ్యా, మాటే బాగలేదు.
ఐసు ఫ్యాక్టరీవాడు ఆఁ? ఆఁ? అంటాడు.
చెన్నై సేటు బావిలోంచి మాట్లాడతన్నావా అంటాడు.
అరిచి అరిచి
గొంతులో రంపం ఆడినట్టుండాది."

తెరతో పాటు వచ్చిన మైకు చూశా.
చొక్కా గుండీ అంత. స్టీరింగు పక్కన క్లిప్పుకి వేలాడతా ఉంది,
ఏసీ గాలి నేరుగా దాని మొహాన కొడతా ఉంది.
అక్కడ పెట్టింది నేనే.
ఆ రోజు కొట్టు ముందు మూడు బండ్లు, తొందర.
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

"కంపెనీవాడిది పైన ఉండాది గదక్కా, దాన్ని కలుపుదాం."
లోపలి లైటు పక్కన, సన్న బెజ్జాల వెనక.
పాత స్టీరియో పీకిన రోజున దాని తీగ కోసేసి వదిలేశా.
ఏడాదిగా ఆ చెవి అక్కడే ఉంది,
విన్నది ఎవరికీ చేరకుండా.

మూత విప్పితే ఉప్పుగాలికి తుప్పుపట్టిన రెండు స్క్రూలు,
ఒక ఎండిన చీమ.
అద్దం పక్క స్తంభంలోంచి తీగ కిందికి దిగుతుంది.
లోపల రెండు, వాటి చుట్టూ జడలా అల్లిన రాగి.
రెండిటికీ రంగు బూడిదే. ఏది ప్లస్సో మీటరే చెప్పాల.
స్టీరియో రెండున్నర వోల్టులిస్తది, దీనికి చాలు.
కొన్నిటికి ఎనిమిది పోస్తేగాని లేవవు.
తెలీక ఎనిమిది పోసి ఒకదాన్ని చంపుకున్నా పోయినేడు,
సొంత డబ్బులు.

టంకం వేశా. గొట్టం తొడిగి లైటరుతో కాచా.
ఇంజను తిప్పితే
తీగలో దోమ దూరినట్టు కుయ్యిమంది.
తొక్కేకొద్దీ దోమ పెద్దదవతా ఉంది.
రాగి జడని పైనొక చోట, కింద ఒక చోట బాడీకి కట్టినా, అదీ కత.
ఆమెకి వివరంగా చెప్పబోయా.
"అంటే, రెండు పడవల్లో కాళ్ళు పెట్టినావా?"
అంతేనక్కా.
పై కొస కోశా. దోమ చచ్చింది.

"ఇప్పుడు మాట్లాడు. అరవబాక."
తలుపేసుకుంది. అద్దాలెక్కించింది.
సీటు బెల్టు కూడా పెట్టుకుంది, ఎందుకో.
పక్క సీట్లో నేను, చేతులో ఇంకా కత్తెర.

"మాల్యాద్రీ, రేపు నాలుక్కి ముప్పై దిమ్మలు పంపించు."
నిద్రపోయే బిడ్డ పక్కన చెప్పినట్టు చెప్పింది.
అవతల కాసేపు ఏం లేదు,
స్పీకర్లలో ఐసు మిషన్ల మోత తప్ప.
"ఎవరమ్మా నువ్వు? అక్కకియ్యి ఫోను."
"నేనేరా."
"అక్కకి ఒంట్లో బాగలేదా?"

నేను కత్తెర వైపు చూసుకున్నా.
ఆమె తెర మీది తన పేరు లేని ఖాళీని చూసింది,
పైన బెజ్జాలని చూసింది.
ఊపిరి తీసి
"ఒరే మాల్యాద్రిగా!"
అద్దాలు అదిరినయ్.
"ఆఁ చెప్పక్కా, ముప్పయ్యేనా?"

పని డబ్బులు నూటేభై అన్నా.
"ఇంతేనా?" అంది అనుమానంగా.
ఇంతే.
గేటు పడింది. గూడ్సు బండి, యాభై పైన పెట్టెలు.
ఆటోవాళ్ళు హారన్లు కొడతానే ఉండారు.
ఆ వరసలో తెల్లబండి, అద్దాలు దించలేదు.
లోపల ఆమె పెదాలు కదలతా ఉన్నాయి, చిన్నగా.
ఎవరితోనో, ఎవరితో కాదో.
బజారు మొత్తానికి వినపడే మనిషి.
ఇక్కడికి ఏమీ వినపడలా.